ఈతకొలనులో ఆఖరి వంతు

వరద వచ్చి వెళ్ళిపోయింది. ఇళ్ళు ఆరాయి, పరుపులు ఆరాయి, గోడల మీద బురద గీతలకు కొత్త రంగు పడింది. ఊళ్ళో ఇంకా ఆరనివంటూ ఉంటే అవి ఏడు కార్లు. ఆరకపోవడమేమిటి, అవి ఇప్పటికీ నీళ్ళలోనే ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టింది వరద కాదు. బాగుచేసి ఇస్తానని మాటిచ్చి తెచ్చుకున్న మేస్త్రే స్వయంగా, క్రేను పెట్టించి మరీ ముంచాడు.

ఈ మాట విన్నవాళ్ళు మేస్త్రికి మతి పోయిందనుకుంటారు. అనుకోవడంలో తప్పులేదు. కట్టుకున్న భార్యే మొదట్లో అలా అనుకుని, కంగారుపడి వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న కారు కూడా అందులోనే ఉందన్న సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

ఆ కార్లు మామూలు కార్లు కావు. ఎప్పుడో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు. పొడుగాటి ముక్కు, తీగల చక్రాలు, చెక్క డాష్‌బోర్డు, తోలు సీట్లు, పైన గుడ్డ టాపు. నేలకు జానెడు ఎత్తున ఉంటాయి కాబట్టి వాటిలోకి ఎక్కరు, దిగుతారు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటాయో నడపడానికి అంత పేచీ పెడతాయి. ఎండ ముదిరితే కాగిపోతాయి, చలి పెరిగితే అలుగుతాయి, నాలుగు చినుకులు పడితే లైట్లు ఆర్పేసుకుని రోడ్డు పక్కన చతికిలబడతాయి. చినుకుకే తట్టుకోలేని బళ్ళు నిలువెత్తు వరదలో మునిగితే ఇక చెప్పేదేముంది! ఊళ్ళో ఈ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళకో క్లబ్బు. క్లబ్బుకో షెడ్డు, నది ఒడ్డున. చల్లగాలి తగులుతుందని అక్కడ కట్టుకున్నారు. గాలి వచ్చిన దారినే నది కూడా వచ్చింది.

మేస్త్రికి పని నేర్పిన గురువు ఓడల ఇంజన్ల మనిషి. ఆయన నేర్పినదాంట్లో మేస్త్రి ఎన్నడూ జవదాటని సూత్రం ఒకటుంది. ఇనుమును ఒట్టి నీళ్ళు అంతగా ఏమీ చెయ్యవు. నీళ్ళలోంచి తీసి గాలి తగలనిస్తేనే తుప్పు విరుచుకుపడుతుంది. కాబట్టి మునిగిన ఇంజన్‌ను నీ చేతులు ఖాళీ అయ్యేదాకా మునిగే ఉండనివ్వాలి. పైకి తీసిన క్షణం నుంచి ఇక నీకు తిండీ నిద్రా లేవు, దాన్నే పట్టుకుని కూర్చోవాలి. మేస్త్రికి ఉన్నవి రెండు చేతులు. కార్లు ఎనిమిది. ఒక్కో కారు విప్పి, కడిగి, బిగించడానికి నెలలు పడుతుంది. మరి మిగతావి తమ వంతు వచ్చేదాకా ఎక్కడుండాలి? నీళ్ళలో ఉండాలి.

అన్ని నీళ్ళెక్కడ దొరుకుతాయంటే, క్లబ్బు సభ్యుడైన ప్లీడరు గారు దారి చూపించారు. ఊరి చివర మూతపడ్డ హోటలొకటి ఉంది. దాని వెనక పెద్ద ఈతకొలను. హోటలు ఎవరిదన్న విషయం కోర్టులో నలుగుతోంది, తాళాలు మాత్రం ప్లీడరు గారి జేబులో ఉన్నాయి. కొలను నిండా మంచినీళ్ళు పట్టి, తుప్పు పట్టకుండా అందులో బట్టల సోడా కలిపి, కార్లను ఒక్కొక్కటిగా దింపారు. దింపేముందు సీట్లు, చెక్కలు, వైర్లు, హారన్లు, బ్రేకుల సామాను, ఇంజను పక్కనుండే చిన్నా చితకా సామాను అంతా ఊడదీసి మేస్త్రి ఇంటికి చేర్చారు. వాటికి మాత్రం గాలి కావాలి. దాంతో మేస్త్రి ఇంట్లో కుర్చీలకు చోటు లేకుండా పోయింది. ఎవరొచ్చినా కారు సీట్లోనే కూలబడాలి. మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. లేవాలంటే మేస్త్రి భార్య చెయ్యి అందించాలి.

"వచ్చినవాళ్ళని కూర్చోమనడానికి భయంగా ఉంది. కూర్చుంటే పోవడం లేదు," అనేది ఆవిడ.

ఇక మామగారి సంగతి. ఆయన క్లబ్బు అధ్యక్షుడు. నీళ్ళ సరఫరా శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. పంపులూ వాల్వులూ గేజిలూ ఆయనకు కొట్టిన పిండి. నియమమంటే ప్రాణం. అల్లుడు మేస్త్రి కావడం వల్ల లోకం వేలెత్తి చూపకూడదని ఆయన తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంట్లో మామ, కొలను దగ్గర కస్టమరు. ఇంట్లో "అల్లుడూ, ఇంకొంచెం వడ్డించుకో, చిక్కిపోయావు" అంటారు. అదే మనిషి మర్నాడు కొలను గట్టు మీద చేతులు జోడించి పలకరిస్తారు.

"నమస్కారమండీ మేస్త్రిగారూ. నా కారెలా ఉందండీ?"

"మునిగి ఉందండీ."

"సంతోషమండీ."

ఏ కారు ముందు, ఏ కారు వెనక అన్నది తేల్చడానికి చీటీలు వేద్దామన్నది కూడా ఆయనే. చీటీలు రాసింది ఆయన, కలిపింది ఆయన, ఆఖరి చీటీ తీసుకున్నదీ ఆయనే. అల్లుడు వడ్డించేవాడైతే మామ పంక్తి చివర కూర్చోవాలని ఉపన్యాసం కూడా ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. క్రేను నిలబడేది లోతు వైపు గేటు దగ్గర కాబట్టి ముందు వంతు కార్లు లోతులో, వెనక వంతువి మెట్ల వైపు వచ్చాయి. గోడల వెంబడి అటు మూడు, ఇటు మూడు ఉంచి, మధ్యలో మేస్త్రి ఈది వెళ్ళి చూసుకోవడానికి దారి వదిలారు. మామగారి కారు ఆ దారికి మొదట్లో, మెట్ల దగ్గర, ఛాతీ లోతు నీళ్ళలో నిలబడింది. అక్కడినుంచి కొలను అడుగు లోతు వైపు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు.

మొదటి వంతు కారును కొలనులో దింపకుండా నేరుగా హోటలు వంటగదిలో పరిచి, మేస్త్రి పని మొదలుపెట్టిన వారానికి భార్య అతన్ని పక్కకు పిలిచింది.

"నాన్నకి కంటి నరం పాడవుతోందట. ఇంకొక్క ఏడాది, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోకూడదన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"మరి నాకు చెప్తున్నావుగా?"

"'ఎవరికీ' అన్నదాంట్లోకి నువ్వు రావుగా. నువ్వూ ఒట్టు వెయ్యి."

మేస్త్రి ఒట్టు వేశాడు. వేశాక లెక్క చూసుకున్నాడు. మామగారి వంతు వచ్చేసరికి ఏడాది కాదు, నాలుగేళ్ళు పట్టినా పట్టొచ్చు. ఆ కారంటే ఆయనకెంత ప్రాణమో అతనికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఊరంతా తిప్పి, ఒక్క మాటా మాట్లాడకుండా ఇంటి దగ్గర దింపి, "కుర్రాడు మంచివాడే, గేరు మార్చినప్పుడు బెదరలేదు" అని అత్తగారికి చెప్పిన మనిషి. ఆ మనిషి చూపున్నంతలో ఒక్కసారైనా ఆ కారు నడపాలి. నడిపించకపోతే తన పనితనం ఎందుకు, తగలబెట్టడానికా అనుకున్నాడు మేస్త్రి.

ఇంట్లో కదిపి చూశాడు. "మామగారూ, మీ కారు విషయం..." అన్నాడో లేదో, "ఇంట్లో షెడ్డు గొడవలెందుకు అల్లుడూ?" అని ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది కానీ మేస్త్రి పట్టించుకోలేదు. కొలను దగ్గర కదిపాడు. "మేస్త్రిగారూ, ఇక్కడ నేను కస్టమర్నండీ. నా వంతు ఆఖరిదండీ," అన్నారు. ఇల్లూ కొలనూ కాక మూడో చోటు లేదు. దారిలో మాట్లాడదామంటే ఆయన ఆటోలో వస్తారు, మేస్త్రి సైకిల్ మీద వస్తాడు.

సరే, మిగతావాళ్ళని బతిమాలదామనుకున్నాడు. కారణం చెప్పకూడదు, చీటీ మార్చుకోమని అడగాలి. అడిగిన పద్ధతి అతనికే వెగటుగా అనిపించింది. పళ్ళ డాక్టరు ఒక చూపు చూశారు. ప్లీడరు గారు "మామగారి కారు కదూ!" అని ఆవులించారు. మొక్కల నర్సరీ నడిపే ఆవిడ ఒక్కర్తే కొంచెం మెత్తబడింది కానీ, ఆవిడ వంతు ఎటూ చివరినుంచి రెండోది, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈలోగా మామగారు ఒక అలవాటు మొదలుపెట్టారు. ఒక రోజు మధ్యాహ్నం ప్లాస్టిక్ స్టూళ్ళు రెండు తెచ్చారు. కాళ్ళు సగానికి కోయించినవి. లాల్చీ విప్పి గట్టు మీద మడతపెట్టి, నిక్కరుతో మెట్లు దిగి, నీళ్ళలో నడిచి వెళ్ళి తన కారు తలుపు తీశారు. సీట్లు ఉండాల్సిన చోట స్టూళ్ళు వేసి, ఒకదాని మీద కూర్చుని, మెడ దాకా నీళ్ళలో ఉండి, స్టీరింగు పట్టుకున్నారు. మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"కస్టమరు తన కారులో తను కూర్చోకూడదని రూలేమైనా ఉందా అండీ?"

లేదు. ఆయన సాయంత్రం దాకా అలా కూర్చుని, స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ, గేరు రాడ్డు మారుస్తూ, వేళ్ళు నానిపోయాక లేచి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ వచ్చారు.

పిచ్చి ఒకరితో ఆగితే ఆ క్లబ్బు క్లబ్బే కాదు. నాలుగో రోజుకు నర్సరీ ఆవిడ తన కారులో కూర్చుంది. వారం తిరిగేసరికి పళ్ళ డాక్టరు, ఆయన కారు మరీ లోతులో ఉండటం వల్ల, ముక్కుకో గొట్టం తగిలించుకుని కిందికి దిగారు. ప్లీడరు గారు ఈత రాదని గట్టు మీదే కూర్చుని, నీళ్ళలోకి తొంగిచూస్తూ తన కారుతో మాట్లాడేవారు. క్లబ్బు సమావేశాలు కూడా కొలనులోనే జరగసాగాయి. తీర్మానాలను గట్టు మీది నుంచి చదివితే, ఒప్పుకున్నవాళ్ళు నీళ్ళలోంచి చెయ్యి పైకెత్తేవారు. డాక్టరు గారు ఒప్పుకుంటే బుడగలు వచ్చేవి. సోడా నీళ్ళకు అందరికీ ఒళ్ళు దురదలు. అయినా ఎవరూ మానలేదు.

"ఇవాళ ఎక్కడిదాకా అధ్యక్షులవారూ?" అని నర్సరీ ఆవిడ రోజూ అడిగేది.

"కొండ ఎక్కుతున్నానమ్మా. మలుపులెక్కువ," అనేవారు మామగారు, రెండు చేతులతో స్టీరింగు తిప్పుతూ.

మేస్త్రి వంటగది కిటికీలోంచి అది చూస్తూ నట్లు విప్పేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు.

మనిషి నియమస్తుడైతే అంత తొందరగా తప్పు చెయ్యడు. చేసినా దానికి కూడా ఒక నియమం వెతుక్కుని చేస్తాడు. మామగారికి అల్లుడి గురువు చెప్పిన సూత్రం కంఠతా వచ్చు. గాలి తగిలిన కారును ఆపకూడదు, వెంటనే పని మొదలుపెట్టాలి. అది చీటీల కంటే పెద్ద రూలు. కొలనులో నీళ్ళు కాస్త తగ్గితే అందరికంటే ముందు బయటపడేది ఏది? మెట్ల వైపున్న కారు. తన కారు. ఆ కాస్త తగ్గగానే వాల్వు కట్టేస్తే మిగతా ఆరూ మునిగే ఉంటాయి. చీటీ మాట తప్పినట్టు కాదు, అల్లుణ్ణి చెయ్యి చాచి అడిగినట్టూ కాదు. నీళ్ళు తగ్గాయి, కారు బయటపడింది, రూలు ప్రకారం పని జరగాలి, అంతే. జీవితమంతా ఊరికి నీళ్ళు వదిలి, కట్టేసిన మనిషికి ఇదొక లెక్కా?

అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ ఆయన పంపుగదిలోకి వెళ్ళారు.

మేస్త్రి వంటగదిలో ఇంజనులోంచి తీసిన క్రాంకు షాఫ్టు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. బయట ఎవరో పెద్ద గొంతుతో గుటకలు వేస్తున్నట్టు చప్పుడు మొదలైంది. అతను మొదట పట్టించుకోలేదు. చప్పుడు ఆగలేదు. కిటికీలోంచి చూస్తే, కొలనులో కార్లు లేచి నిలబడుతున్నాయి. నిజానికి కార్లు ఉన్నచోటే ఉన్నాయి, నీళ్ళే దిగిపోతున్నాయి. విండ్‌షీల్డులు, ఆ తర్వాత బానెట్లు, ఆ తర్వాత తలుపులు. ఒక్క మామగారి కారే కాదు, రెండు వరసలూ బయటపడుతున్నాయి. మేస్త్రి క్రాంకు షాఫ్టు పక్కన పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పంపుగదికి పరుగెత్తాడు.

మామగారు వాల్వు చక్రం పట్టుకుని నిలబడి ఉన్నారు. ముక్కు నీటిమట్టం చూపే గేజి అద్దానికి ఆనిపోయింది.

"ఆపండి! ఆపండి!"

"ఆగడం లేదండీ మేస్త్రిగారూ. వాల్వు పాతది. బిగుసుకుపోయింది."

మేస్త్రి ఆయన్ని తప్పించి చక్రం తిప్పాడు. రెండు వేళ్ళతో తిరిగింది. గుటకల చప్పుడు ఆగింది. అతను మామగారి మొహంలోకి చూశాడు. ఆయన గోడ వైపు చూశారు. ఆ క్షణంలో అడగడానికి టైము లేదు, ఎందుకంటే బయట కొలను దాదాపు ఖాళీ. లోతు చివర మాత్రం మోకాలి పైదాకా నీళ్ళు మిగిలాయి. ఎండ చిటపటలాడుతోంది. తడి ఇనుము మీద ఎర్రటి పొడి అద్దినట్టు తుప్పు కళ్ళ ముందే మొదలైంది.

మేస్త్రి అందరికీ, నీళ్ళ ట్యాంకరుకూ ఫోన్లు చేశాడు. ఒక్క కారుకైతే చేతులున్నాయి, ఏడింటికి లేవు. చేయగలిగిందల్లా మళ్ళీ ముంచడమే. వరదలో ఇల్లంతా పోగొట్టుకుని నీళ్ళ పేరు చెబితే వణికిపోయిన మనుషులు, నీళ్ళు నీళ్ళని వీధుల వెంట పరుగులు తీశారు. పళ్ళ డాక్టరు ఎవరి నోట్లోనో దూది పెట్టి వదిలేసి వచ్చారు. నర్సరీ ఆవిడ గోనెసంచులూ, మొక్కలకు నీళ్ళు పోసే జల్లు డబ్బాలూ వేనులో పడేసుకుని వచ్చింది. అందరూ కొలనులోకి దిగి, కార్ల మీద తడి గోనెలు కప్పి, జ్వరమొచ్చిన పిల్లల్ని చూసుకున్నట్టు చెంబులతో నీళ్ళు పోస్తూ కూర్చున్నారు. ప్లీడరు గారికి ఈత రాకపోయినా ఇవాళ మునిగే భయం లేదు. ఆయన తన కారును మొదటిసారి దగ్గరనుంచి చూసుకుని బావురుమన్నారు.

"ఎవరు వదిలారు నీళ్ళు? ఎవడా వెధవ?" అని అరిచారు డాక్టరు గారు.

"వాల్వు పాతదండీ. దానంతట అదే లూజైంది," అన్నాడు మేస్త్రి.

ఎందుకలా అన్నాడో అతనికే తెలీదు. మామగారు గట్టు మీద నిలబడి ఆ మాట విన్నారు. లాల్చీ విప్పి మడతపెట్టారు. అలవాటు ప్రకారం, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగి, వెళ్ళి తన కారులో తన స్టూలు మీద కూర్చున్నారు. చుట్టూ నీళ్ళు లేకుండా, నిక్కరుతో, ఎండలో, ఖాళీ కొలను మధ్యలో స్టీరింగు పట్టుకుని. పళ్ళ డాక్టరు తిట్టబోయి, ఆ వాలకం చూసి ఊరుకున్నారు.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. రెండో తలుపు తీసి, పక్క స్టూలు మీద ధడాలున కూలబడ్డాడు.

"రెండు వేళ్ళతో తిరిగిందండీ అది!"

మామగారి వేళ్ళు స్టీరింగు మీద ఆడుతున్నాయి.

"గేజి కనబడలేదు, అల్లుడూ," అన్నారు.

కొలనులో ఆయన ఆ పిలుపు పిలవడం అదే మొదలు. మేస్త్రి కోపం ఎటు పోయిందో పోయింది.

"కంటి డాక్టరు ఏడాది అన్నాడటగా?"

"అన్నాడు. ఆయన లెక్క తప్పింది. అంకెలు కనబడక చాన్నాళ్ళయింది. ఇప్పుడు మనుషుల్ని గొంతు బట్టి పోల్చుకుంటున్నా. నువ్వు మాట్లాడకపోతే పక్కన ఎవరున్నారో చెప్పలేను. అమ్మాయికి తెలీదు. చెప్పకు."

"మరి నీళ్ళెందుకు వదిలారు? ఇప్పుడు బాగుచేసినా మీరు..."

"నడపలేను. తెలుసు. వదిలేముందు కూడా తెలుసు," అన్నారు మామగారు. "ఎందుకు వదిలానని మాత్రం అడక్కు. నాకు సిగ్గుగా ఉంది."

మేస్త్రికి అప్పుడర్థమైంది. ఆయన వంతు ఎప్పుడో దాటిపోయింది. తను వంటగదిలో ఒక్కో నట్టూ విప్పి వరసగా పేర్చుకుంటున్న రోజుల్లోనే దాటిపోయింది. ఇక ఎంత పనితనం చూపినా ఆ చూపు తిరిగి రాదు. అతను ముందుకు చూశాడు. బానెట్టుకు అవతల కొలను అడుగు నున్నగా, నీలం పలకలతో, లోతు వైపు జారుగా దిగుతోంది. అటూ ఇటూ గోనెలు కప్పుకున్న కార్లు, వాటి పక్కన చెంబులు పట్టుకున్న మనుషులు. మధ్యలో దారి ఖాళీగా ఉంది.

మేస్త్రి దిగాడు. ముందు చక్రాల కింద ఇటుకలను కాలితో తన్నేశాడు. వెనక్కి వెళ్ళి భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. ఇన్నాళ్ళూ నీళ్ళలో ఉన్న పుణ్యమా అని చక్రాలు బిగుసుకోలేదు. మెల్లగా కదిలాయి. అతను పరుగెత్తుకొచ్చి, తలుపు తీసే వ్యవధి లేక, తన బరువంతా తలుపు మీది నుంచి స్టూలు మీదికి దొర్లించాడు.

"ఏమిటిది? ఏం జరుగుతోంది?" అన్నారు మామగారు, స్టీరింగు బిగించి పట్టుకుంటూ.

"కారు వెళుతోందండీ. నేను చెప్తాను, మీరు నడపండి. కొంచెం ఎడమకి."

"బ్రేకులున్నాయా?"

"ఇంట్లో ఉన్నాయండీ. మంచం కింద."

మామగారి మొహం వెలిగింది. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, ఎడమకు తిప్పారు.

"ఎక్కువైంది, ఇటు, ఇటు! చాలు. అలాగే పట్టుకోండి. ఎడమ పక్క నర్సరీ ఆవిడ. కుడి పక్క డాక్టరు గారు."

"నా హెడ్‌లైటు! నా హెడ్‌లైటు!" అని డాక్టరు తన కారు మీద బోర్లా పడిపోయారు. ఆయన కోటు గుండీ వేలెడు దూరంలోంచి వెనక్కి పోయింది.

"ప్లీడరు గారు దారికి అడ్డంగా చెంబు పట్టుకుని నిలబడ్డారండీ. హారన్ కొట్టండి!"

హారన్ కూడా మంచం కిందే ఉంది. మామగారు నోరంతా తెరిచి "పాం! పాం!" అని అరిచారు. నీళ్ళ శాఖలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. ప్లీడరు గారు చెంబు వదిలేసి గోడకు అతుక్కుపోయారు. కారు ఊపందుకుంది. పలకల మీద టైర్లు చప్పుడు చేశాయి, మామగారి నాలుగు వెంట్రుకలూ గాలికి లేచాయి. మేస్త్రి దారి చెప్పడం ఆపలేదు. ఇక తిన్నగా, తిన్నగా, ఏమీ అడ్డం లేదు, మీరు పోనివ్వండి. కారు మిగిలిన నీళ్ళలోకి ధబ్బున దూరి, ఇద్దరినీ తల దాకా తడిపి, లోతు గోడకు మూరెడు ఇవతల మెత్తగా ఆగింది.

నర్సరీ ఆవిడ జల్లు డబ్బాతో తన కాళ్ళ మీదే నీళ్ళు పోసుకుంటోంది.

మామగారు మొహం మీది నీళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత స్పీడులో వచ్చాం?"

డాష్‌బోర్డు ఉండాల్సిన చోట ఒక రంధ్రం ఉంది. మేస్త్రి దానివైపు పరీక్షగా చూశాడు.

"అరవై అండీ."

"అబద్ధం చెప్పకు."

"నలభై అయిదండీ."

"అదీ. రోడ్డు బాగాలేదు. అంతకంటే పోకూడదు," అన్నారు మామగారు తృప్తిగా.

వెనకనుంచి అరుపులు మొదలయ్యాయి. వంతులేమిటి, చీటీలేమిటి, ఈ కారు ముందెలా వచ్చిందని ప్లీడరు గారు నిలదీస్తున్నారు. మామగారు అవేవీ పట్టించుకోలేదు. తలుపు తీసుకుని నీళ్ళలోకి దిగారు. బానెట్టు మీద చెయ్యి ఆనించి, తడుముకుంటూ, కారు ముక్కు చుట్టూ తిరిగి, మేస్త్రి కూర్చున్న వైపు వచ్చి నిలబడ్డారు.

"జరుగు, అల్లుడూ. ఇక నువ్వు నడుపు. నేను ఇటు కూర్చుంటా."

మేస్త్రి గేరు రాడ్డు దాటి అవతలి స్టూలు మీదికి జరిగాడు. మామగారు పక్కన సర్దుకుని కూర్చుని, తలుపు వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. గేటు దగ్గర ట్యాంకరు వచ్చి ఆగింది. గొట్టం కొలనులోకి దింపి నీళ్ళు వదిలారు.

"ఎక్కడికి మామగారూ?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడికైనా సరే. దారిలో ఏమేం ఉన్నాయో చెప్తూ ఉండు."

మేస్త్రి స్టీరింగు పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ, చెప్పడం మొదలుపెట్టాడు.